డిశ్చార్జ్ అయి 19 రోజులైంది, ఇంట్లో గట్టిగా నవ్వినా భయపడుతున్నారు

మళ్ళీ_మొదలు | మంగళవారం, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. నాకు 29. మాది తెనాలి దగ్గర పల్లెటూరు, హైదరాబాదులో అమెరికా కస్టమర్ల పని, నైట్ షిఫ్టు. ఈ ఫిబ్రవరిలో నాకు మేనియా వచ్చింది. అప్పుడు దాన్ని ఏమంటారో కూడా తెలియదు. పది రోజులపాటు రాత్రికి రెండు గంటలు కూడా పడుకోకుండా, నా అంత తెలివైనవాడు లేడనుకుని, సొంత కంపెనీ పెట్టేస్తున్నానని అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. యాప్‌లో 3 లక్షల పర్సనల్ లోన్ తీసుకున్నాను, అందులో మిగిలింది 11 వేలు. మా మేనేజర్‌కి తెల్లవారుజామున ఫోన్ చేసి ఏదేదో మాట్లాడాను. చివరికి నాన్న, బాబాయి వచ్చి కారెక్కించి తీసుకెళ్లి చేర్పించారు. 26 రోజులు సైకియాట్రీ వార్డులో ఉన్నాను. బైపోలార్ అన్నారు, అంటే కొన్నాళ్లు ఇలా పట్టలేని హుషారు, కొన్నాళ్లు దిగులు వచ్చే జబ్బు. ఇప్పుడు లిథియం, రాత్రికి ఒలాంజపిన్ వేసుకుంటున్నాను.

వార్డులో ఉన్నన్నాళ్లూ ఇంటికెళ్తే చాలు, అంతా అదే సర్దుకుంటుంది అనుకున్నాను. ఇంటికొచ్చి స్నానానికి వెళ్తే బాత్‌రూమ్ తలుపుకి లోపలి గడియ లేదు. దాన్ని బిగించిన చోట నాలుగు చిల్లులు మాత్రం ఉన్నాయి. నేను రాకముందే నాన్న విప్పేశారు. దాని గురించి ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు, నేనూ అడగలేదు. నీళ్ల బకెట్ తలుపుకి అడ్డం పెట్టుకుని స్నానం చేస్తున్నాను. నాన్న బయట వరండాలో కూర్చుంటారు. లోపల నీళ్ల చప్పుడు ఆగిందంటే చాలు, ఆయన దగ్గు వినిపిస్తుంది.

మొన్న టీవీలో ఏదో కామెడీ వస్తుంటే గట్టిగా నవ్వాను. అమ్మ గరిటె పట్టుకుని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి నా మొహంలోకి చూసింది. నవ్వితే మళ్ళీ మొదలైందేమోనని, మాట్లాడకుండా కూర్చుంటే దిగులు పట్టిందేమోనని. చెల్లికి సంబంధాలు చూస్తున్నారు కాబట్టి నేను టైఫాయిడ్‌తో వచ్చానని చుట్టాలకు చెప్పారు. అందరూ నా మంచికే చేస్తున్నారని తెలుసు, అందుకే కోపం కూడా రావడం లేదు, ఊపిరి ఆడనట్టు మాత్రం ఉంటోంది.

ఇంకోటి. ఫ్యామిలీ గ్రూపులో అప్పుడు నేను పెట్టిన మెసేజులన్నీ అలాగే ఉన్నాయి. ఒక్క రాత్రిలో 140. నిన్న మొత్తం చదివాను. మా పిన్ని గ్రూపులోంచి వెళ్లిపోయింది. ఉద్యోగంలో ఏం చెప్పాలి, ఈ మాత్రలు ఎన్నాళ్లు, ఇంట్లోవాళ్ల ముందు మామూలు మనిషిలా ఎప్పటికి ఉంటాను, ఎవరైనా ఇది దాటి వచ్చినవాళ్లుంటే చెప్పండి.

గోదారి_గట్టు | మంగళవారం, రాత్రి 10:25

తమ్ముడూ, నేను దాటి వచ్చాను. ఒకసారి కాదు, మూడుసార్లు చేరాను. నాకిప్పుడు 41, రాజమండ్రిలో స్కూల్ టీచర్ని, బైపోలార్ అని తెలిసి 11 ఏళ్లు.

ముందు ఆ మెసేజులు చదవడం ఆపు. ఒళ్లు తెలియని జ్వరంలో కలవరించిన మాటల్ని ఎవరైనా రాసిపెట్టి మనకే చూపిస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే. మేనియా దిగాక వచ్చే సిగ్గు ఉంది చూడు, దాని గురించి నాకు ఏ డాక్టరూ ముందు చెప్పలేదు. మొదటిసారి నేను హెడ్‌మాస్టర్ గారిని అందరి ముందు తిట్టాను. డిశ్చార్జ్ అయ్యాక రెండు నెలలు గుమ్మం దాటలేదు. అందరికీ ఒకేసారి క్షమాపణలు రాయాలని కూర్చున్నాను, మా అక్క ఫోన్ లాక్కుంది, మంచి పని చేసింది. ఆ తర్వాత ఇద్దరికే చెప్పుకున్నాను, అదీ ఎదురుగా కూర్చుని. "అప్పుడు నాకు ఒంట్లో బాగాలేదు, మిమ్మల్ని నొప్పించాను" అన్నాను, అంతకు మించి ఏం చెప్పలేదు. మీ పిన్నికి కూడా ఆ మాట చాలు, అదీ నీకు ఓపిక వచ్చాకే.

రెండోది నిద్ర. ఇది నేను చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నాను. నా రెండో అడ్మిషన్ శివరాత్రి జాగారం తర్వాత వచ్చింది. మాత్రలు వేసుకుంటున్నానుగా, ఒక్క రాత్రికి ఏమవుతుందిలే అని గుడిలో తెల్లవార్లూ కూర్చున్నాను. మర్నాడు అసలు అలసటే లేదు, ఒళ్లు తేలిపోతున్నట్టుంది. శివుడి దయ అనుకున్నాను. నాలుగో రోజుకి వార్డులో ఉన్నాను. మనలాంటివాళ్లకి నిద్ర లేకపోవడం జబ్బు లక్షణమే కాదు, జబ్బుని లేపేది కూడా అదే. అందుకని నీ నైట్ షిఫ్టు సంగతి డాక్టరుతో గట్టిగా మాట్లాడు. నేను పదిన్నరకి పడుకుంటాను, పెళ్లి ముహూర్తం రాత్రి రెండింటికి ఉంటే భోజనం చేసి వచ్చేస్తాను, ఎవరేమనుకున్నా సరే.

లోన్ సంగతి దాచకు. నాన్నకి అంకె చెప్పు. కార్డు, యాప్ పాస్‌వర్డ్ కొన్నాళ్లు చెల్లి దగ్గర ఉంచు. నా దగ్గర ఇప్పటికీ 5 వేలకు మించి ఖర్చు పెట్టగలిగే కార్డు లేదు, అది నేనే పెట్టుకున్న హద్దు.

వార్డు_డ్యూటీ | మంగళవారం, రాత్రి 11:10

బాబూ, నేను సైకియాట్రీ వార్డులో నర్సుని, విశాఖ, 14 ఏళ్ల సర్వీసు. నీ పోస్టు చదివాక ఒకటి సూటిగా అడగాలనిపించింది. ఇంటికొచ్చాక చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తున్నాయా? మేనియా దిగాక దిగులు రావడం చాలామందిలో ఉంటుంది. పైగా డిశ్చార్జ్ అయిన మొదటి కొన్ని వారాలే అన్నింటికంటే జాగ్రత్తగా ఉండాల్సిన సమయం, ఇది మాకు బాగా తెలుసు. వస్తే సిగ్గుపడకుండా ఇక్కడే చెప్పు, లేదా 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, ఏ రాత్రైనా తీస్తారు.

ఇక లిథియం. ఎండలు ముదురుతున్నాయి కాబట్టి ఇప్పుడే చెప్తున్నాను. మంచి చేసే మోతాదుకీ చెడు చేసే మోతాదుకీ మధ్య దూరం చాలా తక్కువ ఉన్న మందు ఇది. మామూలుగా రక్తంలో 0.6 నుంచి 1.0 మధ్య ఉండేలా చూస్తారు. 1.5 దాటితే ప్రమాదం. చెమట బాగా పట్టినా, వాంతులు విరేచనాలు అయినా, ఉప్పు ఒక్కసారిగా మానేసినా కిడ్నీలు ఉప్పుని పట్టి ఉంచుకుంటూ దాంతోపాటు లిథియాన్ని కూడా లోపలే ఉంచేస్తాయి. నిర్జల ఉపవాసాలు వద్దు. ఉప్పేసిన మజ్జిగ, నీళ్లు తాగుతూ ఉండు. ఒళ్లు నొప్పులని మెడికల్ షాపులో అడిగి ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకోకు, అవి లెవెల్ పెంచుతాయి. చేతులు బాగా వణకడం, మాట ముద్దగా రావడం, నడుస్తుంటే తూలడం, వాంతులు కనిపిస్తే రేపటిదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

రక్తపరీక్షకి వెళ్లేటప్పుడు రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకి రక్తం ఇవ్వాలి, పొద్దుటి డోసు రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. ఇది చెప్పకపోతే చాలామంది మాత్ర మింగి వచ్చేస్తారు, అంకె తప్పు వస్తుంది. థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు కూడా ఆరు నెలలకోసారి. ఒలాంజపిన్‌కి ఆకలి విపరీతంగా వేస్తుంది. అది నీ తిండిపోతుతనం కాదు, మందు పని. బరువు రాసి పెట్టుకో, షుగర్ చూపించుకో.

ఒక_తండ్రి | బుధవారం, ఉదయం 5:40

బాబూ, నేను మీ నాన్న ఈడువాణ్ణి. వరంగల్. మా అబ్బాయికి 22 ఏళ్లప్పుడు స్కిజోఫ్రీనియా వచ్చింది, లేని మాటలు వినిపించే, లేనిపోని అనుమానాలు పుట్టే జబ్బు. ఇప్పుడు వాడికి 34. గడియ సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయిన.

మా ఇంట్లో గడియ తీసింది నేనే. వాడు డిశ్చార్జ్ అయ్యే ముందు రోజు రాత్రి స్క్రూడ్రైవర్ తీసుకుని బాత్‌రూమ్‌ది, వాడి గదిది రెండూ విప్పి, పాత బిస్కెట్ డబ్బాలో వేసి బీరువా పైన పెట్టిన. ఎవరూ చెయ్యమనలేదు. ఆ పని చేస్తున్నప్పుడు నాకు ఏదో ఒకటి చేస్తున్నట్టు అనిపించింది, అంతే. అంతకుముందు ఏడాదంతా తాయెత్తులని, దర్గాలని, భూతవైద్యుడని తిప్పి వాణ్ణి ఇంకా పాడుచేసినమన్న బాధ ఒకటి లోపల ఉండె. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు మందుల చీటీ ఇచ్చారు, తేదీ చెప్పారు. రాత్రి వాడు లేస్తే ఏం చెయ్యాలి, ఏం మాట్లాడాలి అనేది మాకు ఎవరూ చెప్పలేదు. నాలుగు నెలలు నేను సరిగ్గా పడుకోలేదు. వాడు పక్క మీద దొర్లిన చప్పుడుకి లేచి కూర్చునేవాణ్ణి.

మీ నాన్న దగ్గుతున్నది నిన్ను కాపలా కాయడానికే, నిజమే, కానీ లోపలికి వచ్చి అడిగే ధైర్యం లేక కూడా దగ్గుతున్నడు. నువ్వు ముందు మాట్లాడు. మా అబ్బాయే మాట్లాడిండు. ఒకరోజు అన్నం తింటూ, "నాన్నా, గడియ ఎప్పుడు పెడతావు?" అన్నడు. నేను ఏడ్చిన. అప్పుడు ముగ్గురం కూర్చుని, నువ్వు ఎట్లుంటే మాకు భయమో చెప్తం, మేము ఏం చేస్తే నీకు కష్టమో నువ్వు చెప్పు అని మాట్లాడుకున్నం. నవ్వు, కోపం, పాటలు పాడుకోవడం మా భయాల్లోంచి తీసేసినం. వరుసగా రెండు రాత్రులు నిద్రపోకపోవడం, మాత్రలు దాచడం, ఒంటరిగా ఎవరితోనో మాట్లాడటం, ఈ మూడు కనిపిస్తేనే అడుగుతం, మిగతావాటికి అడగం. అందరం చెవులప్పగించి కూర్చుంటే ఎవరికీ ఆరోగ్యం ఉండదు.

ఆరోగ్య_మార్గం | బుధవారం, ఉదయం 9:15

ఈ మాత్రలు జీవితాంతం బానిసని చేస్తాయి బ్రదర్. నెమ్మదిగా మానేసి ప్రాణాయామం, అశ్వగంధ మొదలుపెట్టండి. మా బావమరిదికి అలాగే తగ్గింది.

గోదారి_గట్టు | బుధవారం, మధ్యాహ్నం 1:05

మీరు మంచి ఉద్దేశంతోనే అన్నారని అనుకుంటాను, కానీ 19 రోజుల క్రితం డిశ్చార్జ్ అయిన పిల్లాడికి ఈ మాట చెప్పకండి. ప్రాణాయామం నేనూ చేస్తాను, రోజూ ఇరవై నిమిషాలు, మాత్రలతో పాటు. నా మూడో అడ్మిషన్ ఎందుకు వచ్చిందో చెప్తాను. రెండున్నరేళ్లు బాగున్నాను, బాగున్నాను కదా ఇంకెందుకని నా అంతట నేనే లిథియం ఆపేశాను. ఆరో వారానికి, అంతకుముందు రెండుసార్లకంటే ఘోరంగా వచ్చింది. ఉద్యోగం పోయింది, మా ఆయన ఆర్నెల్లు మాట్లాడలేదు. తమ్ముడూ, తగ్గించాలంటే డాక్టరుతో కూర్చుని, కొంచెం కొంచెంగా, నీ పరిస్థితి చూసి. ఎన్నాళ్లు అనే ప్రశ్నకి ఈ ఏడాదిలో జవాబు వెతకకు.

మళ్ళీ_మొదలు | బుధవారం, రాత్రి 9:30

అందరి పోస్టులూ రెండుసార్లు చదివాను. నర్సు గారూ, మీరు అడిగినదానికి నిజం చెప్తున్నాను. ఇంటికొచ్చిన మొదటి వారంలో వచ్చాయి. ఏదో చెయ్యాలని కాదు, పొద్దున లేవకపోతే బాగుండు అన్నట్టు. ఈ నాలుగైదు రోజులుగా తగ్గింది కానీ, గ్రూపు మెసేజులు చదివిన రాత్రి మళ్ళీ వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే మళ్ళీ తీసుకెళ్లి చేర్పిస్తారని భయం. నా వార్డు తలుపుకి బయటి నుంచి తాళం వేసేవాళ్లు, ఆ చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది.

ఓపీ తేదీ ఇంకా 12 రోజులుంది.

వార్డు_డ్యూటీ | బుధవారం, రాత్రి 9:55

చెప్పినందుకు సంతోషం బాబూ. 12 రోజులు ఆగకు. రేపే ఓపీకి ఫోన్ చేసి, లేదా నేరుగా వెళ్లి ఈ మాటే చెప్పు. "పొద్దున లేవకపోతే బాగుండు" అనేది మేము రోజూ వినే మాట, విన్న ప్రతివాళ్లనీ చేర్చం, చాలాసార్లు మందు సర్ది వారం వారం రమ్మంటాం. ఈ రాత్రికి ఇంట్లో ఒక్కరికి చెప్పు. అమ్మకైనా, చెల్లికైనా. చెప్పాక ఇక్కడ ఒక్క ముక్క రాయి, నేను చూస్తుంటాను.

మళ్ళీ_మొదలు | బుధవారం, రాత్రి 11:20

చెల్లికి చెప్పాను. నా గదిలోనే చాప వేసుకుని పడుకుంది. రేపు పొద్దున్నే బస్సుకి వెళ్తున్నాం.

న్యాయవాది_గుంటూరు | గురువారం, సాయంత్రం 6:40

చట్టం వైపు నుంచి కొన్ని మాటలు, ఎందుకంటే వార్డు నుంచి వచ్చినవాళ్లలో చాలామంది తమకు హక్కులే లేవనుకుంటారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం మీ వైద్యం వివరాలు రహస్యం. మీ రికార్డులు అడిగి తీసుకునే హక్కు మీకుంది. ఆఫీసుకి జబ్బు పేరుతో కాగితం ఇచ్చుకోనక్కర్లేదు, "చికిత్సలో ఉన్నారు, ఫలానా తేదీ నుంచి డ్యూటీలో చేరవచ్చు, రాత్రి షిఫ్టు వద్దు" అని రాయమని డాక్టరుని అడగండి. నా క్లయింట్లు చాలామంది అలా తెచ్చుకున్నారు.

మీ విషయంలో నాకు అన్నిటికంటే ఉపయోగపడుతుందనిపించేది నామినేటెడ్ రిప్రజెంటేటివ్. మళ్ళీ ఎప్పుడైనా జబ్బు తిరగబెట్టి మీరు నిర్ణయాలు తీసుకోలేని స్థితిలో ఉంటే మీ తరఫున ఎవరు మాట్లాడాలో ఇప్పుడే, బాగున్నప్పుడే మీరే రాసుకోవచ్చు. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం మీద రాసి సంతకం చేస్తే చాలు. ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో ముందే రాసి పెట్టుకునే వీలు కూడా ఉంది. కరెంటు ట్రీట్‌మెంట్ గురించి చాలామంది భయపడతారు కాబట్టి చెప్తున్నాను, మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా అది చెయ్యడాన్ని ఈ చట్టం నిషేధించింది.

ఇన్సూరెన్స్ పాలసీలు శరీర జబ్బులతో సమానంగా మానసిక జబ్బుల్నీ చూడాలని చట్టంలోనే ఉంది. 2022 అక్టోబరు 31లోగా అన్ని పాలసీల్లోనూ చేర్చాలని ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కంపెనీలకు చెప్పింది. ఆసుపత్రి బిల్లులు పారెయ్యకండి.

చెల్లి సంబంధం గురించి రాశారు. రేపు మీ పెళ్లి గురించి కూడా అదే భయం వస్తుంది. 2013లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో, భార్యకి స్కిజోఫ్రీనియా ఉందన్నంత మాత్రాన విడాకులు ఇవ్వడానికి లేదని సుప్రీంకోర్టు చెప్పింది. అయితే దాచి పెళ్లి చెయ్యడం మాత్రం వద్దు, దాచిన కేసులే కోర్టుకి వస్తాయి.

ఖమ్మం_టు_కాలిఫోర్నియా | శుక్రవారం, ఉదయం 7:30

నాది వేరే కథ, కానీ ఇంటికొచ్చాక జరిగేది ఒకటే. అమెరికాలో ఎమ్మెస్ రెండో సెమిస్టర్‌లో, నా పరిస్థితి చూసి రూమ్మేట్ 988కి ఫోన్ చేశాడు, అది అక్కడి ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్. 72 గంటలు ఆసుపత్రిలో పెట్టారు, కాలిఫోర్నియాలో దాన్ని 5150 అంటారు. ఆ మూడు రోజులూ ఫోన్ ఎత్తకపోతే అమ్మ ఖమ్మం నుంచి మా ఫ్రెండ్స్ అందరికీ కాల్ చేసింది. బయటికొచ్చి "ఎగ్జామ్స్ అమ్మా" అన్నాను. ఏడాదిన్నర దాచాను. అది దాయడానికి పట్టిన శక్తి జబ్బుకి కూడా పట్టలేదు. చివరికి సెలవుల్లో వెళ్లినప్పుడు చెప్తే అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "అక్కడ అన్నం పెట్టారా?" అని. బ్రో, నీకు ఇంట్లో చూసే కళ్లున్నాయి, అవి కష్టమే, అర్థమవుతుంది. నాకు మాత్రం ఆ గది తలుపు బయట దగ్గేవాళ్లు ఉంటే బాగుండేదనిపించింది.

జిరాక్స్_షాపు | శనివారం, రాత్రి 8:15

నేను ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఓపీకి 9 ఏళ్లుగా వెళ్తున్నాను. హైదరాబాదులో ఆ పేరే ఒక తిట్టు, ఎవరైనా తేడాగా మాట్లాడితే ఎర్రగడ్డకు పంపాలి అంటారు. విశాఖ వైపు చినవాల్తేరు అంటారట. మొదట్లో షాపు ముందు కాలేజీ పిల్లలు ఒకళ్లనొకళ్లు అలా అనుకుంటుంటే చేతిలో కాగితాలు జారిపోయేవి. ఇప్పుడు కాపీలు లెక్కపెట్టి ఇస్తాను.

నాకు స్కిజోఫ్రీనియా. క్లోజాపిన్ అనే మందు మీద ఉన్నాను, మొదటి 18 వారాలు వారం వారం పరీక్షకి రక్తం ఇచ్చాను, ఇప్పుడు నెలకోసారి. పని గురించి అడిగావు కాబట్టి నాకు జరిగింది చెప్తాను. డిశ్చార్జ్ అయ్యాక పేపర్లో ఒక వార్త మొదటినుంచి చివరిదాకా చదవలేకపోయేవాణ్ణి. డిగ్రీ చదివినవాణ్ణి, భయమేసింది. మామయ్య తన షాపులో రోజుకి రెండు గంటలు కూర్చోమన్నాడు. ముందు స్టేపుల్ చెయ్యడమే నా పని. ఆ తర్వాత కాపీలు. ఎనిమిది నెలలకి ఆధార్ ఫారాలు నింపడం మొదలుపెట్టాను. బుర్ర తిరిగి వస్తుంది, కానీ చాలా నెమ్మదిగా. మొదటి నెలలోనే పాత ఉద్యోగం పాత వేగంతో చెయ్యాలనుకోవద్దు.

మళ్ళీ_మొదలు | ఆదివారం, మధ్యాహ్నం 3:20, మూడు వారాల తర్వాత

ఇన్నాళ్లూ రాయలేదు, క్షమించండి. ఆ గురువారం డాక్టరు దగ్గరికి వెళ్లాం. చేర్చుకోలేదు. మందు సర్ది, వారానికోసారి రమ్మన్నారు. చెల్లి నాతో లోపలికి వచ్చింది, నాకంటే ఎక్కువ ప్రశ్నలు అదే అడిగింది. లోన్ అంకె నాన్నకి చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, కాసేపాగి "నెలకి ఎంత కట్టాలి?" అన్నారు. ఆఫీసుకి డాక్టరు కాగితం పంపాను, డే షిఫ్టు టీంలో ఖాళీ చూస్తామన్నారు, ఇంకా జవాబు రాలేదు. టెన్షన్ ఉంది.

వరంగల్ నాన్నగారూ, మీరు చెప్పినట్టే అన్నం దగ్గర అడిగాను. గొంతు వణికింది. నాన్న చెయ్యి కడుక్కుని లేచి వెళ్లిపోయారు. తప్పు చేశాననుకున్నాను. మర్నాడు సాయంత్రం నలుగురం కూర్చున్నాం. చెల్లి నోటుబుక్కులో రాసింది, నిద్ర ఎన్ని గంటలకు తగ్గితే అడగాలి, డబ్బు ఎంత దాటితే అడగాలి అని. అమ్మ "నవ్వితే?" అంది. చెల్లి "నవ్వితే మనమూ నవ్వాలి" అని రాసేసింది. నా తరఫున మాట్లాడేది చెల్లి అని తెల్లకాగితం మీద రాసి సంతకం చేశాను, దాన్ని మందుల డబ్బాలో పెట్టాం.

శుక్రవారం పొద్దున స్నానానికి వెళ్తే గడియ ఉంది. పాత గడియే, స్క్రూలు మాత్రం కొత్తవి, పాత చిల్లులు వదులైపోయాయేమో ఒక అంగుళం పైకి బిగించారు. వేసుకుని, తీసి, మళ్ళీ వేసుకున్నాను.

వార్డు_డ్యూటీ | ఆదివారం, సాయంత్రం 5:00

చాలా సంతోషం బాబూ. లిథియం లెవెల్ చూపించావా?

మళ్ళీ_మొదలు | ఆదివారం, సాయంత్రం 5:12

0.7 వచ్చింది అమ్మా. 12 గంటలు లెక్క చూసుకునే ఇచ్చాను.

ఒక_తండ్రి | ఆదివారం, రాత్రి 8:30

మీ నాన్నగారు రాత్రిళ్లు పడుకుంటున్నరా బాబూ?

మళ్ళీ_మొదలు | ఆదివారం, రాత్రి 9:05

నిన్న తొమ్మిదిన్నరకే పడుకున్నారండి. గురక నా గదిలోకి వినిపించింది.